వెర్నా తేలిక చేసిన పెట్టె

మబ్బు పట్టిందంటే కెనడాలోని మా ఉత్తర మానిటోబాలో ఇంటర్నెట్‌ది నత్తనడక. అందుకే మా ఆదివాసీ తెగ వ్యవహారాలు చూసే బ్యాండ్ ఆఫీసులో మ్యాపులు చేసే వెర్నా లింక్‌లేటర్‌కు బరువైన ఫైళ్ళంటే పడదు. మ్యాపు ప్రోగ్రాములన్నిటినీ ఒక కంటెయినర్‌లో సర్ది పెట్టుకుంది. అది మూతపెట్టిన పెట్టె లాంటిది. ఏ కంప్యూటర్లో విప్పినా లోపలి సరంజామా అదే, చేసే పనీ అదే. అందులో అక్కర్లేదనిపించిన ఫైళ్ళన్నీ ఏరి పారేసింది.

"పెట్టెకి ఒళ్ళు తగ్గింది, నాకే తగ్గట్లేదు," అని పక్క బల్ల దగ్గరున్న నాతో నవ్వేది.

ఆ ఏడు సరస్సు అవతల కంకర రోడ్డు వేయడానికి వచ్చినవాళ్ళు, తవ్వకూడని చోట్లు చెప్పమన్నారు. వెర్నా మేనమామ ఐజయా ఓకెమావ్ చెల్లెళ్ళిద్దరూ పసితనంలోనే పోయారు. వాళ్ళను పాతిపెట్టిన చోటు అక్కడే. చెక్క శిలువలు కుళ్ళిపోయాయి, నాచు కప్పేసింది. పాత మ్యాపు మీద ఆయన పెట్టిన గుర్తు మాత్రం ఉంది.

"నేనే వెళ్ళి చూపిస్తానే," అన్నాడాయన.

"ఆ మోకాళ్ళతోనా మామా? బురదలో కూలబడితే నిన్ను మోసేదెవరు? చోటు నేను పంపిస్తాగా."

"నీ పెట్టెకి మోకాళ్ళ నొప్పుల్లేవు కాబోలు," అని టీ తాగేసి వెళ్ళిపోయాడు.

పాత మ్యాపు కొలతలను కొత్త కొలతల్లోకి మార్చాలంటే ఒక సవరణ ఫైలు కావాలి. వెర్నా పారేసినవాటిలో అదీ ఉంది. ప్రోగ్రాము ఆగలేదు. ఉజ్జాయింపుగా లెక్క కట్టి, ఒక హెచ్చరిక చూపించింది. అలాంటివి రోజూ చూసే వెర్నా పట్టించుకోలేదు. అయినా మనసు ఊరుకోక, విన్నిపెగ్‌లోని స్నేహితురాలినీ చేసి చూడమంది. ఆమె నడిపిందీ అదే కంటెయినర్. లెక్క అచ్చం అలాగే వచ్చింది. వెర్నా నిశ్చింతగా పంపేసింది.

రోడ్డువాళ్ళు ఆ లెక్క ప్రకారం, తవ్వకూడదని గుర్తుగా పెట్టే జెండాలు సమాధులకు నూరడుగుల అవతల పాతారు. బుల్డోజరు జెండాలను జాగ్రత్తగా తప్పించుకుని సమాధుల మీదుగా పోయింది. మట్టిలో చిన్న శవపేటికల చెక్కలు బయటపడ్డాక ఆపారు.

వెర్నా ఆ మాట తనే చెబుతానంది. నేను తోడు వెళ్ళాను. ఐజయా కుందేలు తోలు ఒలుస్తున్నాడు. విని కూడా చెయ్యి ఆపలేదు.

"తప్పంతా నాదే మామా."

"నువ్వు వద్దన్నావు, నేను మానేశాను. మోకాళ్ళు నాకూ సాకయ్యాయి," అన్నాడు చివరికి. "వాళ్ళ ముఖాలు ఎప్పుడో మర్చిపోయా. ఆ చోటొక్కటే గుర్తుండేది."

రోడ్డు పక్కకు మళ్ళించారు. ఏ ఎముకలు ఎవరివో తెలియక ఇద్దరినీ ఒకే గుంటలో పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు ఐజయా రాలేదు. వెర్నా సవరణ ఫైలును పెట్టెలో తిరిగి పెట్టింది. పాత చోటు ఎవరు చెప్పినా, ఇప్పుడు వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి చూసి వస్తుంది.

మామనూ ఒకసారి అక్కడికి రమ్మంది. "సరస్సు గడ్డకట్టనీ, మంచు మీదుగా పోదాం," అన్నాడు. గడ్డకట్టేలోపే థాంప్సన్ పట్నం ఆసుపత్రిలో పోయాడు. ఊళ్ళో చర్చి వెనకే పూడ్చారు. చెల్లెళ్ళ పక్కన పెడదామని అడగాలని వెర్నాకు ఉండింది. నోరు రాలేదు.