అడుగు కనబడని నీళ్ళు

నా భార్య మొన్న ఆదివారం సూర్యాపేట దవాఖానలో పోయింది. పొద్దున్నే ఛాతీలో నొప్పి అన్నది. జీపు మాట్లాడుకుని వెళ్ళాం. మధ్యాహ్నానికి కాస్త తేరుకుని మంచినీళ్ళు అడిగింది. నేను గ్లాసు కడుక్కుని వచ్చేసరికి డాక్టరు గది బయట నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూసి అక్కడే ఆగిపోయాను.

ఆమెది కోదాడ. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. మిర్యాలగూడలో ఒక క్లబ్బువాళ్ళు ఈతకొలను కట్టినప్పటి నుంచి ఆ నీళ్ళ పరీక్ష ఆమే చేసేది. సీసాలో నీళ్ళు పట్టి, ద్రావణాలు కలిపి, కిటికీ వెలుతురులో ఎత్తి చూసేది. నీలం రంగు తిరిగితే ఫాస్ఫేటు ఉన్నట్టు. నీలం ముదిరేకొద్దీ ఆమె మాటలు తగ్గేవి.

"పాచికి అది బువ్వ. ఒక చేత్తో బువ్వ పెడుతూ ఇంకో చేత్తో క్లోరిన్ పోస్తే ఏం లాభం?" అనేది.

ఆమె భయం పాచి గురించి కాదు. పచ్చబడ్డ నీళ్ళలో పిల్లలు మునిగినా పైకి కనబడరు.

ఒక ఎండాకాలం నీళ్ళు కొంచెం మసకబారితే, హాలియా నుంచి వచ్చిన కాపలా మనిషికి "మందు చల్లు" అని చెప్పింది. ఆమె ఉద్దేశం బ్లీచింగ్ పౌడరు. వారం తిరిగి ఇద్దరం వెళ్తే కొలను వరిమడిలా ఉంది.

"ఏం చల్లావు నాయనా?"

"డీఏపీ అమ్మా, పొలానికేసే మందు. మీరే మందు సల్లుమంటిరి గద! జర తక్కువైందా?"

"సరిపోయింది. పైరు బాగా వచ్చింది. ఇక కోత కోయడమే."

నవ్వబోయి ఆగింది. గట్టున చిన్న చెప్పుల జత ఉంది. చుట్టూ ఏ పిల్లా లేదు. కాపలా మనిషి దుంకాడు. ఆమె చీరతోనే దిగింది. నడుము వంచి వెతుకుతుంటే, మోచేతి కింద ఆమె చెయ్యి నాకు కనబడలేదు.

ఇంతలో గేటు దగ్గర నుంచి ఒకావిడ కేకేసింది. "మా పిల్ల గీడ ఐస్ తింటున్నది! మీరేంది, గిట్ల బట్టలతోనే దిగిన్రు?"

నా భార్య మెట్టు మీద కూలబడింది. ఆ రోజే గేటుకు తాళం వేయించి, నీళ్ళన్నీ తోడించింది. అప్పటి నుంచి ఎవరితోనూ ఉత్త "మందు" అనలేదు. పేరు చెప్పి, తిరిగి చెప్పించుకునేది. జ్వరానికి నాకు బిళ్ళ ఇచ్చినా అంతే.

ఇవాళ క్లబ్బు సెక్రటరీ పరామర్శకు వచ్చాడు. లేస్తూ అడిగాడు: "రేపు పిల్లల పోటీలున్నయ్ సార్. నీళ్ళు జరంత పచ్చగున్నయ్. ఏం గాదు గద?"

"ఆపండి" అన్నాను.

"అందరికీ చెప్పినం సార్, ఇగ ఎట్ల ఆపుతం?" అని వెళ్ళిపోయాడు.

నేను చదివింది చరిత్ర. నీలం రంగు లెక్కలు నాకు రావు. ఆ చెప్పుల జత మాత్రం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు మిర్యాలగూడ వెళ్ళి, పిల్లలు వచ్చేలోపు గేటుకు అడ్డంగా నిలబడతాను.