రెండు ఔన్సుల ఎర్ర వైను

యుద్ధం మొదలైన ఏడాది మా నాయన మగ్గం వదిలేసి అమీర్‌పేటకు నా దగ్గరికి వచ్చాడు. నేను అప్పుడు సర్కారు కచేరీలో గుమాస్తాను. ఆయన సాయంత్రం పూట కల్లు దుకాణానికి పోయేవాడు. మా ఊరి వైపు నేతగాళ్లు ఇద్దరు అక్కడ కలిసేవారు. ముందు నాలుగు చుక్కలు నేల మీద వంచి, ఒక్క ముంత తాగి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. ఆయన తూలగా నేనెన్నడూ చూడలేదు. నా డైరీలో మాత్రం ‘నాయన తాగుడు’ అనే రాసుకున్నాను.

ఒకరోజు కచేరీలో నా పై అధికారి నాతోపాటు మా ఇంటికి వస్తున్నాడు. దుకాణం ముందు నేల మీద కూర్చున్న నాయన నన్ను చూసి చెయ్యెత్తి పిలిచాడు. నేను ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు తల తిప్పుకుని నడిచాను.

తరువాతి శుక్రవారం, అప్పట్లో మా కచేరీకి అదే వారపు సెలవు కనుక, ఇంట్లో కూర్చుని ఒక ముచ్చల్కా రాశాను. తప్పు చేసినవాడి చేత ఇక చేయనని కచేరీలో రాయించుకునే కాగితాన్ని అలాగే అనేవాళ్లం. ఇకమీదట కల్లు ముట్టనని నాయన మాటగా డైరీలోనే రాసి, చదివి వినిపించి, వేలిముద్రల సిరా పలక ముందు పెట్టాను.

“ఏడ వెయ్యాలె?” అని మాత్రం నాయన అడిగాడు. నేను చోటు చూపించాను. ఆయన బొటనవేలు ఒత్తాడు.

ఆ నేతగాళ్లు ఇద్దరూ ఒకటి రెండుసార్లు ఇంటికి వచ్చి ఆయనను పిలిచారు. కాగితం రాసిచ్చిన, రాను అని నాయన చెప్పడం లోపలి నుంచి విన్నాను. నాకు గర్వంగా అనిపించింది. ఆ తరువాత వాళ్లు రావడం మానేశారు.

మరుసటి ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం, తిండి సయించదు. పంజగుట్టలో ఒక ఆంధ్ర డాక్టరు నన్ను చూసి, పాలు, మాంసం పులుసు, విశ్రాంతి చెప్పి, రాత్రి భోజనం తరువాత రెండు ఔన్సుల ఎర్ర వైను తీసుకోమన్నాడు. ఆకలి పుట్టవచ్చు, నిద్ర పట్టవచ్చు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు, రెండు నెలలకు ఆపేయాలి అన్నాడు.

మందులు కొలిచే గాజు గ్లాసు కొన్నాను. ఎంత తాగిందీ, ఎన్ని గంటలు పడుకున్నదీ, నాడి ఎన్నిసార్లు కొట్టుకున్నదీ డైరీలో గీతలు గీసి రాశాను. ఆరు వారాల్లో కోలుకున్నాను. ఆ ఆరు వారాలూ నేను సెలవులో ఉన్నాను, రోజుకు రెండుపూటలా పాలు తాగాను. అయినా ఘనతంతా వైనుకే ఇచ్చాను. అది నెత్తురు పట్టిస్తుందని, గుండెకు బలమని కచేరీలో అందరికీ చెప్పాను. నా డైరీయే సాక్ష్యం అన్నాను.

రెండు నెలలు దాటినా ఆపలేదు. రెండు ఔన్సులు తాగాక మళ్లీ రెండు పోసుకునేవాణ్ణి. డైరీలో ‘రెండు ఔన్సులు’ అనే రాసేవాణ్ణి. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. ఎర్ర వైను మితంగా తాగితే మేలా అని ఇప్పుడెవరైనా అడిగితే నా డైరీ చూపించలేను. మితం ఏనాడు తప్పిందో అందులో లేదు.

ఆ చలికాలం నాయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఒక సాయంత్రం నేను గ్లాసులోకి వంచుతుంటే వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

“గది నాకు సుత జర పోస్తవా బిడ్డా? కాళ్లు గుంజుతున్నయి. నిద్ర వడ్తలేదు.”

“గిది డాక్టర్ రాసిచ్చింది నాయినా. నీకు రాయలే.”

ఆయన దగ్గరికి వచ్చి వాసన చూశాడు. చిన్నగా నవ్వాడు.

“నీకు రాసేటోడున్నడు,” అన్నాడు. “నాకు లేకపాయె.”

పొయ్యి దగ్గర మా ఆవిడ చేతిలో పని ఆగిపోయింది. నేను గ్లాసులోది తాగేశాను.

మరునాడు పంజగుట్ట వెళ్లి నాయన నొప్పుల సంగతి చెప్పాను. కల్లు ఎలా మాన్పించానో కూడా చెప్పాను, మెచ్చుకుంటాడని. డాక్టరు మెచ్చుకోలేదు. మోకాళ్లకు తైలం రాసిచ్చి, “మరి ఆయన సాయంత్రాలు ఎవరితో గడుపుతున్నారండీ?” అని అడిగాడు. “మీ వైను ఆపేశారు కదా?” అన్నాడు. ఆపేశానన్నాను.

ఇంటికి వచ్చి, దుకాణానికి పొమ్మని నాయనతో చెప్పాను. కాగితం సంగతి మరిచిపొమ్మన్నాను.

“ఇప్పుడు గాడ ఎవలున్నరు?” అన్నాడు నాయన. ఒకాయన ఎండాకాలంలోనే చనిపోయాడట. రెండో ఆయన కొడుకు వెంట ఊరికి పోయాడట. ఏ సంగతీ నాకు తెలియదు. “గాళ్ల కోసం పోతుంటి బిడ్డా. ఒక్క ముంత కల్లుకు గంతదూరం నడుస్తరా ఎవలన్న?”

ఆ సాయంత్రం నేను వైను పోసుకోలేదు. వెళ్లి అరుగు మీద నాయన పక్కన కూర్చున్నాను. కచేరీలో పని ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. మగ్గం గురించి ఏదైనా అడుగుదామనుకున్నాను, ఏం అడగాలో తోచలేదు. ఆయనే, చలిగా ఉంది, లోపలికి పొమ్మని నాతో అన్నాడు. నేను లేచి లోపలికి వచ్చేశాను.