నూలుతో అల్లిన కృష్ణ

మొన్న ఒక యువకుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, పాత పంచెలో చుట్టిన మూట ఒకటి నా ముందు పెట్టాడు. "మామ్మగారూ, మా తాతమ్మ పెట్టెలో ఉందండీ ఈ శాలువా. మీ ఇంట్లో అల్లిందేనంట గదా, పారేసేముందు మీకొకసారి చూపిద్దామని" అన్నాడు. పారేయడమన్న మాటకు నాకు కోపం వచ్చింది. మూట విప్పాక ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇన్నేళ్ళ తరువాత కూడా సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఏ సంగతైనా మొదటినుంచి వరుసగా చెప్పడం నా అలవాటు. రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లో నేను నరసరావుపేటలో కొత్త కోడలిని. మామగారిది కిరాణా కొట్టు. దాని పక్క గదిలో మా అత్తగారు ఉన్ని శాలువాలు అల్లి అమ్మేవారు. పల్నాటి ఎండల్లో ఉన్ని శాలువాలేమిటని మీరు నవ్వవచ్చు, మామగారూ నవ్వేవారు. "రాళ్ళు పగిలే ఎండల్లో గొర్రెబొచ్చు కప్పుకునే పిచ్చోళ్ళెవరే?" అనేవారు. "వాళ్ళ సంగతి నేను చూసుకుంటా, మీరు చింతపండు తూచుకోండి" అనేది ఆవిడ జవాబు. ఊళ్ళో మడి కట్టుకునే పెద్దవాళ్ళు చాలామంది. నూలుబట్ట ఎవరైనా తాకితే మైలపడుతుంది. పట్టుకూ ఉన్నికీ ఆ బాధ లేదు. పట్టు అందరికీ అందదు. గురజాల వైపు గొల్లలు వడికిన ముతక ఉన్ని అందుతుంది. అందుచేత రోహిణి కార్తెలో సైతం ముసలమ్మలు మా శాలువా చుట్టుకుని పొయ్యి ముందు కూర్చునేవారు. "ఒళ్ళంతా గీరట్లా అత్తయ్యా?" అని కోడళ్ళు జాలిపడితే, "గీరకపోతే అది మడెట్టా అవుద్దే?" అని కసిరేవారట.

అత్తగారు ఒకప్పుడు ఆసుపత్రిలో మంచాన పడి ఉండగా, ఒక నర్సమ్మ దగ్గర ఈ అల్లిక నేర్చారు. సూదులు దొరక్క పాత గొడుగు ఊచలను రాతిమీద అరగదీసి వాడేవారు. పూలూ చిలకలూ ఆవిడకు పట్టేవి కావు. బండిలో వెళ్తూ చూసినవే అల్లేవారు. గోధుమరంగు ఉన్నితో కొండవీటి గట్టు ఎత్తుపల్లాలు, బూడిదరంగుతో మాచర్ల నాపరాళ్ళ పొరలు, నల్ల ఉన్నిలో అక్కడక్కడ కన్నాలు వదిలి వేసవిలో నోళ్ళు తెరిచిన రేగడి. వీటన్నిటినీ మించి అమ్ముడుపోయింది కృష్ణ శాలువా. నల్లని గట్ల మధ్య ఈ కొసనుంచి ఆ కొసకు వంకరలు తిరుగుతూ పారే తెల్లని పాయ. ఉన్ని ఇచ్చే మా గొర్రెల్లో తెల్లవి లేవు. తెల్ల ఉన్ని ఆ రోజుల్లో దొరికేది కాదు. పత్తికి మాత్రం పల్నాట కరువేముంది? ఆ పాయను ఆవిడ నూలుతో అల్లారు. దారం ఎంచుతున్నప్పుడు ఆవిడ చూసింది నీళ్ళ తెలుపునే. మడి సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కార్తీకమాసంలో ఒక ఉదయం, కొట్టు నిండా బేరగాళ్ళుండగా, పక్కవీధి పిన్నిగారు కాలిన శాలువా పట్టుకుని వచ్చారు. తులసి దగ్గర వంగినప్పుడు అంచు దీపానికి తగిలిందట. "నల్లది చిరచిరమని మాడి ఆరిపోయిందే. తెల్లది మాత్రం వత్తి మాదిరి మండింది. ఇది నూలు కాదని నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు!"

అత్తగారు ఒట్టు వేయలేదు. "నూలే వదినా" అన్నారు.

"ఏడాదిగా మా దేవుడికి మైలకూడు పెట్టించావు గదే!"

మామగారు చేతిలో తక్కెడ దించకుండానే, అందరికీ వినబడేటట్లు, "ఆడదానికి యాపారమేందని ఆనాడే చెప్పలా?" అన్నారు. కొట్టుకు కొత్త రేకులు ఎవరి వేళ్ళు అరిగితే వచ్చాయో ఆయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆ మాట రాస్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరునాడు అత్తగారు కత్తెర, సూదులు, నల్ల ఉన్ని సంచిలో వేసి నా చేతికిచ్చి బయలుదేరారు. ఏ శాలువా ఎవరింటికి వెళ్ళిందో రాసిపెట్టేదాన్ని కనుక ఏ ఇల్లూ తప్పలేదు. ఒక్కరూ అరుగు ఎక్కనివ్వలేదు. శాలువాను కర్రతో వాకిట్లోకి తోసేవారు. దారినపోయేవాళ్ళు చూస్తుండగా ఆవిడ నేలమీదే కూర్చుని, తెల్లపాయను ఊడదీసి, రెండు గట్లనూ నల్లదారంతో కలిపేసేవారు. నేను తలవంచుకుని ఊడిన నూలును ఉండ చుట్టేదాన్ని. "మైల శాలువాలోళ్ళు వస్తన్నారు, జరగండ్రోయ్" అని పిల్లలు మా వెనకాల అరిచేవారు. నేను నీళ్ళకు దూరపు బావికి వెళ్ళడం మొదలుపెట్టాను.

భయపడి చివరకు మిగుల్చుకున్న ఇల్లు ఒక బామ్మగారిది. ఆవిడ మడికి జడిసి కాకులు కూడా ఆ పెరట్లో వాలవని చెప్పుకునేవారు. అత్తగారు కత్తెర తీయగానే ఆవిడ గుమ్మంలోకి వచ్చారు.

"ఏంది చేస్తన్నావ్?"

"పాయ తీసేస్తానండీ. అది నూలు."

"తెలుసులే. అమ్మేటప్పుడు దాన్ని ఏందన్నావ్?"

"కృష్ణ అన్నానండీ."

"కృష్ణలో మునిగితే మైల పోద్దా, అంటుద్దా?" అని అడిగి, ఆవిడే మళ్ళీ అన్నారు, "లోపల పెట్టు ఆ కత్తెర. ఏటిని కొయ్యటానికి బయల్దేరింది, మహా!"

ఊరంతా తిట్టినా ఏడవని మనిషి ఆ వాకిట్లో కూలబడి ఏడ్చారు. "ఈ మాట మొదటి రోజే విని ఉంటే బాగుండేదండీ" అన్నారు.

"మొదటి రోజు నా గడపకి రాలేదుగా నువ్వు" అన్నారు బామ్మగారు.

ఇంటికి వచ్చి అత్తగారు గొడుగు ఊచలను అటకమీద పెట్టేశారు. మళ్ళీ దించలేదు.

మొన్న వచ్చిన కుర్రవాడు ఆ బామ్మగారి మునిమనవడు. మూటలో ఉన్నిని పురుగులు ఏనాడో కొట్టేశాయి. నల్లని గట్లు చేయి వేస్తే పొడిపొడిగా రాలాయి. ఆ పురుగు నూలును ముట్టదు. పంచె నడుమ తెల్లపాయ ఒక్కటే, వంకరలు చెదరకుండా, ఈ కొసనుంచి ఆ కొసకు పడి ఉంది.

"ఇదేంది మామ్మగారూ?" అని అడిగాడు.

తల ఎత్తి చెప్పాలనే అనుకున్నాను; గొంతు మాత్రం ఆనాటి వాకిళ్ళలో లాగానే తగ్గి వచ్చింది. "కృష్ణ నాయనా" అన్నాను. ఏది తినాలో, ఏది మిగల్చాలో కాలం మా ఊరి పెద్దలను అడగలేదు.