సూర్యాపేట సంతలో కొన్న కోటు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది చలికాలంలో మా బావకు కోటు కొనడానికి ముగ్గురం కోదాడ నుంచి సూర్యాపేట సంతకు పోయాం. బావ, అక్క, నేను. నాకప్పటికి చదువు అయిపోయింది, పని ఇంకా దొరకలేదు. ఆ రోజు నా డైరీలో బస్సు ఆలస్యం, సంత, సాయంత్రం తోట అని మాత్రమే ఉంది. వివరంగా రాసే అలవాటు తర్వాత వచ్చింది. మిగతాది జ్ఞాపకం మీద రాస్తున్నాను.

బావ మిర్యాలగూడ తహసీలు కచేరీలో గుమాస్తా. రజాకార్ల కాలంలో చుట్టుపక్కల ఊళ్ళు తగలబడుతుంటే, సెలవు చీటీ కూడా ఇవ్వకుండా అక్కను తీసుకొని కోదాడలో మా ఇంటికి వచ్చేశాడు. పరిస్థితి కుదుటపడ్డాక ఆ కచేరీకి కొత్త అధికారి వచ్చాడు. చెప్పకుండా వెళ్ళిపోయిన వాళ్ళంతా తన ముందు హాజరు కావాలని, ఎవరిని తిరిగి తీసుకోవాలో మాట్లాడి చూసి నిర్ణయిస్తానని కబురు పంపాడు. బావ హాజరు కావలసింది సంత మరునాడు. ఆ కొలువు పోతే ఆయనకు వేరే ఆధారం లేదు. చదివింది ఉర్దూ, తెలిసింది కచేరీ పని. మా నాన్న ఒక్కమాట అనకపోయినా, అత్తగారింట్లో అన్ని రోజులు తిని కూర్చోవడం బావకే మింగుడు పడేది కాదు.

నిజాం కాలంలో షేర్వానీ లేకుండా కచేరీ మెట్లు ఎక్కేవారు కాదు. మెడ దాకా గుండీలు పెట్టుకోవాల్సిందే. బావ షేర్వానీని అక్క అంతకుముందు చలికాలం ముక్కలుగా కత్తిరించి బొంతలో కుట్టేసింది. అది ఉన్నా వేసుకోవచ్చో లేదో కూడా ఎవరికీ తెలియదు. కొత్త సర్కారులో ఏం తొడుక్కోవాలో చెప్పిన వాడు లేడు.

బస్సులో దారి పొడుగునా బావకు అదే ధ్యాస.

"షేర్వానీ ఏసుకపోతే పాత సర్కారు మనిషంటడు. ధోతి కట్టుకపోతే సంఘపోడు, కమ్యూనిస్టంటడు. కోటైతే ఏమనడు."

"ఉత్త అంగీ మీద పో," అంది అక్క.

"ఇంటికాడ కూసున్నోని లెక్క పొమ్మంటవా?"

"ఇంటికాడనే గద కూసున్నవ్."

ముందు సీట్లో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి బావ మొహం చూసి, నవ్వు ఆపుకొని మళ్ళీ ముందుకు తిరిగాడు. మునగాల దాటే దాకా బావ కిటికీలోంచి బయటికే చూశాడు.

సంతలో ధాన్యం బండ్లు ఆగే చోటు దాటితే చివరన పాత సామాన్ల వరుస ఉండేది. ఆ ఏడాది అది బాగా పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మూటలుగా వచ్చిన సోల్జర్ల బట్టలు ఒక పక్క, ఇళ్ళు ఖాళీ చేసి పోయినవాళ్ళు అమ్ముకున్న సామాన్లు ఒక పక్క. మూత లేని టీ కెటిల్, పూత పోయిన పాన్‌దాన్, ఒక అద్దం పగిలిన కళ్ళజోడు, పిల్లల బూట్లు. అక్కకు తొందర లేదు. ప్రతిదీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఎక్కడిది అక్కడ పెట్టింది. ఖాళీ అత్తరు బుడ్డి మూత తీసి వాసన చూసింది, నాకూ చూపించింది. చివరికి లాంతరు గాజు ఒకటి కొన్నది. నేను పాత పెన్నొకటి కొన్నాను, అది రాయలేదు.

కోట్ల వ్యాపారి నోట్లో పాన్ నములుతూ గోనెపట్టా మీద కూర్చున్నాడు. పక్కన షేర్వానీలు నడుమెత్తు కుప్ప పోసి ఉన్నాయి. బావ వాటివైపు చూడటం గమనించి, "గవి ఎన్నంటే అన్ని తీస్కపోండ్రి సాబ్," అన్నాడు. "మొన్నటిదాంక పెండ్లిళ్ళకు కిరాయికి అడిగేటోళ్ళు. ఇప్పుడు ముట్టేటోడు లేడు."

నల్ల కోటు ఒకటి తీసి తొడిగాడు. చేతులు మోచేతి కింద వరకే వచ్చాయి.

"కోటు కురసయిందా, మీ చేతులు పెరిగినయా సాబ్?"

తర్వాత ఖాకీ ఉన్ని కోటు తీశాడు. సోల్జరుది. ఇత్తడి గుండీలు పీకి మామూలువి కుట్టించాడు. అది బావకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. వ్యాపారి పట్టుకున్న అద్దంలో బావ ముందు నుంచి చూసుకున్నాడు, పక్కకు తిరిగి చూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన వీపు నిటారుగా ఉంది.

అక్క ఆ కోటు జేబులో చెయ్యి పెట్టింది. వేలు బయటికి వచ్చింది. "జేబుల బొక్కున్నది. ధర తగ్గియ్యి."

"సాబ్ యాడ పనిజేస్తడమ్మా?"

"కచేరీల."

"అయితే బొక్క జల్ది కుట్టియ్యమ్మా. కచేరీల జేబు ఖాళీ ఉండదు."

బావ కూడా నవ్వాడు. ధర కుదిరింది.

ఆ కోటు రంగు గురించి మాలో ఎవరమూ ఆలోచించలేదు. కోదాడ పెద్ద రోడ్డు మీది ఊరు. మిలిటరీ లారీలు రోజూ మా ఇంటి ముందు నుంచే పోయేవి, సోల్జర్లు దిగి మంచినీళ్ళు అడిగి తాగేవాళ్ళు. వాళ్ళు వచ్చాకనే మేము తలుపులు తీసి పడుకోగలిగాం. ఖాకీ అంటే మాకు అదే.

మధ్యాహ్నం బస్సుకు మిర్యాలగూడ చేరాం. బావ కిరాయి ఇల్లు తాళం వేసినట్టే ఉంది. అక్క ఊడ్చి సామాను లోపల పెట్టాక, ఎండ తగ్గింది కదా అని ముగ్గురం తోటకు బయల్దేరాం. అది ఊరి చివర ఒక బియ్యం మిల్లు షావుకారుది. జామ, నిమ్మ, గట్ల వెంట గులాబీలు, మల్లె పొదలు. సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళు తిరగడానికి ఆయన అభ్యంతరం చెప్పేవాడు కాదు. కొలువులో ఉన్నన్ని రోజులూ బావ రోజూ అక్కడికి పోయేవాడు. తోటమాలితో గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చడం ఆయనకు అలవాటు. చలి ఉంది కాబట్టి కోటు వేసుకునే వచ్చాడు. "రేపటికి అలవాటు గావాలె," అన్నాడు.

మేమిద్దరం గులాబీల దగ్గర ఆగాం. అక్కకు ఒకటి కోయాలని ఉంది, కోయొచ్చో లేదో అని ఆలోచిస్తున్నది. బావ ముందు నడిచాడు. దూరంగా జామచెట్ల కింద పాదులు తీస్తున్న మనిషి తలెత్తి చూశాడు. చేతిలోని పార అక్కడే పడేసి పరుగెత్తాడు. చెట్ల మధ్య దూరి కనిపించకుండా పోయాడు.

"ఏందిరో, ఏమైంది?" అని బావ కేకేశాడు.

గుడిసెలోంచి మాలి భార్య వచ్చింది. చేతులు జోడించి నేల చూస్తూ నిలబడ్డది. "ఇంట్ల మొగోళ్ళు లేరు దొరా. మేమెవ్వరికి అన్నం బెట్టలె. తోటలకు ఎవ్వరు రాలె."

బావకు ఆమె ఎన్నోసార్లు మజ్జిగ ఇచ్చింది. ఆయన అలాగే నిలబడ్డాడు.

అక్క గబగబా పోయి ఆమె చేతులు పట్టుకొని కిందికి దించింది. "ఓ అత్తా, మొకం జూడు. మేమే. గుమాస్తాయన."

ఆమె తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత చెట్లవైపు తిరిగి, "ఓయ్, రా ఇగ! మన గుమాస్తే!" అని అరిచింది. మాలి వచ్చాడు గానీ దగ్గరికి రాలేదు. బావ కోటు విప్పి, మడిచి నా చేతికి ఇచ్చాడు. అప్పుడు మాలి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నా కాళ్ళు ఆగలె బాంచెన్," అన్నాడు. "పోయిన నెల నా తమ్ముణ్ణి గట్లనే తీస్కపోయిండ్రు. సంఘపోళ్ళకు అన్నం బెట్టిండని. ఎన్కకొచ్చినంక నడుస్తలేడు."

"ఎవరు తీస్కపోయిండ్రు?"

"ఏమో దొరా. గా రంగు బట్టలే."

మాలి భార్య జామకాయలు తెచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. చుట్టలు కాలేవరకు బావ, మాలి నీళ్ళ గురించి, షావుకారు గురించి మాట్లాడుకున్నారు. చీకటి పడకముందే ఇంటికి వచ్చాం.

మరునాడు పొద్దున బావ ధోతి, అంగీ మీద కచేరీకి బయల్దేరాడు. కోటు అక్క సంచిలో ఉంది. గుమ్మం దగ్గర పాత చప్రాసీ అడ్డం నిలబడ్డాడు. "ఏంది సాబ్, గుండీలు లేవు, టోపీ లేదు. గిట్లనే పోతరా దొర ముంగటికి?" అన్నాడు. ఆయనకూ కొత్త పద్ధతి ఎవరూ చెప్పలేదు.

అక్క సంచిలో చెయ్యి పెట్టింది. "ఏసుకోరాదు. లోపలికి పోయెదాంక."

"వద్దు," అన్నాడు బావ.

"కొలువు పోతది."

"పోనియ్యి."

చప్రాసీ ఇద్దరినీ చూసి పక్కకు తప్పుకున్నాడు. మేము వరండాలో కిటికీ కింద కూర్చున్నాం. లోపలి మాటలు వినిపించాయి. అధికారి కోస్తా ప్రాంతం మనిషి, గొంతు మెత్తన.

"చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారు?"

"భయమైంది సార్."

"మిగతావాళ్ళంతా ఏదో ఒక జబ్బు చెప్పారు." కాసేపు కాగితాల చప్పుడు. "ఇక్కడ మీ స్థానంలో వేరే మనిషిని వేసేశాను. నాకు పల్లెలు తిరిగి భూముల వివరాలు రాసేవాళ్ళు కావాలి. మావాళ్ళు వెళితే ఇళ్ళకు తాళాలే కనిపిస్తున్నాయట. మిమ్మల్ని చూసి మాత్రం పారిపోరా?"

"నిన్న ఒకాయన ఉరికిండు సార్," అన్నాడు బావ. తోటలో జరిగింది చెప్పాడు. చుట్టల సంగతి కూడా చెప్పాడు. మాలి తమ్ముడి సంగతి మాత్రం చెప్పలేదు.

అధికారి నవ్వలేదు. ఆ కోటు ఎక్కడుందని అడిగాడు. సంచిలో ఉందన్నాడు బావ. ఇంకొంచెం సేపు కాగితాల చప్పుడు అయ్యింది.

బావ బయటికి వచ్చేసరికి అక్క లేచి నిలబడి ఉంది.

"సూర్యాపేట అవతల, తుంగతుర్తి దిక్కు," అన్నాడు బావ. "తాత్కాలికమట. జీతం మునుపటంత రాదు. ఊళ్ళు పట్టుకొని తిరగాలె."

"నువ్వు తిరుగుతవు. నేనేడుండాలె?"

"ఇంకొన్నాళ్ళు మీ నాయన దగ్గర ఉండరాదు?"

"ఉండ." అక్క సంచి భుజానికి తగిలించుకుంది. "గాడ ఇండ్లు దొరుకుతయా? బాయి దగ్గర్ల ఉన్న ఇల్లు కావాలె."

"నేను బోయి సూసొస్త."

"నువ్వు సూసుడు గాదు. నేనొస్త."

మెట్లు దిగి ఆమె ముందు నడిచింది. సూర్యాపేట బస్సు ఎన్ని గంటలకో కనుక్కోమని నన్ను పంపింది.