కాంపెచేకి తూర్పున సముద్రం

నిన్న స్టీలు డబ్బాలకని రెజిమెంటల్ బజార్ వెళ్లి, పక్క కొట్లో వేలాడదీసిన ప్రపంచ పటం ముందు ఆగిపోయాను. మెక్సికోలో సముద్రం వంపు తిరిగే చోట వేలు పెట్టి కాంపెచే కోసం వెతికాను. పేరైనా లేదు. కొట్టతను కొంటానేమోనని ఆశగా చూశాడు, పాపం. ఆ ఊరు నేను చూడలేదు, చూడబోను కూడా. కానీ కొన్నేళ్ల కిందట మెట్టుగూడలో, మా పిన్ని భోజనాల బల్ల మీద, ఒక వారమంతా ఆ ఊరే ఉంది. మేం పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం.

పిన్నిది బందరు. మిషన్ బడిలో భూగోళం చెప్పి రిటైరైంది. పటాలు పుస్తకం చూడకుండా గీసేది, చూసి గీసేవాళ్లంటే చిన్నచూపు. కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి కూడా టీచరే. పాప పుట్టాక మానేసి మళ్లీ ఉద్యోగానికి తిరుగుతోంది. ప్రైవేటు బళ్లలో ముందు డెమో క్లాసు చెప్పించుకుంటారు కదా, అలా రెండుచోట్ల చెప్పి రెండుచోట్లా భంగపడింది. మూడో బడివాళ్లు కాంపెచే గురించి చెప్పమన్నారు. ఏడుపు మొహంతో పైకొచ్చింది.

"పెద్దమ్మా, ఆ పేరే నేనెన్నడు ఇనలే. ఈసారి సుత రాకుంటే ఇగ ఎవర్నీ అడగ. ఇంట్లనే కూసుంట."

"ఇంట్లో తర్వాత కూర్చుందువు గాని, ముందు ఈ కుర్చీలో కూర్చో," అంది పిన్ని.

అలా షురూ అయింది. కాంపెచే అనే రాష్ట్రానికి అదే పేరుగల రాజధాని అది. ఒకప్పుడు మాయా ప్రజల ఊరు. స్పెయిన్ వాళ్లొచ్చి రేవు పట్టణం చేశారు. అడవుల్లోంచి రంగు తీసే చెక్క తెచ్చి ఓడలకెత్తేవారు. ఆ సొమ్ము కోసం సముద్రపు దొంగలు పదేపదే వచ్చి దోచుకుపోతుంటే, విసిగిపోయి ఊరి చుట్టూ ఆరు భుజాల రాతిగోడ కట్టుకున్నారు. ఇవన్నీ ఆ అమ్మాయి చెబుతుంటే విద్యార్థిని వేషం నాది. మొద్దు ప్రశ్నలు వేయడానికి నాకు సాధన అక్కర్లేకపోయింది. పిన్ని పెద్ద చార్టు మీద గోడ, బురుజులు, వరసగా రంగురంగుల ఇళ్లు, కుడివైపు నీలంగా సముద్రం వేసింది. చూస్తే నాకే ఆ ఊరెళ్లాలనిపించింది.

డెమో రోజు పొద్దున ఆ అమ్మాయి ఫోన్లో ఊరి మ్యాపు తీసి, చార్టు పక్కన పెట్టి, గతుక్కుమంది. ఆ ఊరికి సముద్రం పడమటి దిక్కున ఉంది. బందరు మనిషి చెయ్యి అలవాటుగా దాన్ని తూర్పున పెట్టేసింది. మళ్లీ వేసే టైము లేదు. పిన్ని మొహం పాలిపోయింది.

"నాకు వయసైపోయిందమ్మా. నీ పొట్ట కొట్టాను," అంది.

ఆ అమ్మాయి చార్టులోని సముద్రం మీద వేలు పెట్టింది.

"బందరుల పొద్దు సముద్రంలకెల్లే పొడుస్తదా పెద్దమ్మా?"

"పొడవక? రోజూ అక్కణ్నుంచేగా!"

చార్టు చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పిన్ని మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నేను బతిమాలితే నామీదే కసిరింది. నాలుగింటికి మెట్ల మీద పరుగు వినిపించింది.

"పటంల ఒక తప్పున్నది, చెప్పుండ్రని పిల్లల్ని అడిగిన. మనకు సముద్రమంటే తూర్పు, గీసినామెది బందరు, అందుకే గిట్ల గీసింది అన్న. కానీ ఆ ఊర్ల పొద్దుగూకేదే సముద్రంల. దొంగల ఓడల కోసం కావలోళ్లు గోడెక్కి ఆ దిక్కే చూసేటోళ్లు అన్న. సోమవారం సంది రమ్మన్నరు పెద్దమ్మా!"

పిన్ని కళ్లొత్తుకుంది. ఏడ్చిందంటే ఇప్పటికీ ఒప్పుకోదు. కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, పిన్ని అడిగిన మొదటి మాట: "సోమవారం ఏం పాఠం?"

నాకూ అరవై దగ్గరపడుతోంది. కాలం అయిపోతోందని బెంగపడే రోజుల్లో ఆ ప్రశ్న గుర్తు చేసుకుంటాను. సోమవారానికి పాఠం సిద్ధం చేసుకునే మనిషికి కాలం ఇంకా ఉన్నట్టే.