ఆమె వెతికింది మా నాన్న కోసం కాదు

నా చిన్నప్పుడు మా నాన్న చాలాసార్లు చచ్చిపోయాడు. కంగారు పడకండి, ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఈ మధ్యే మోకాళ్ళ నొప్పులని గొణుగుతున్నాడు. ఆయన జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్‌లో మాది ఒక్క గది ఇల్లు. పొద్దున్నే సందు మొదట్లో షూటింగ్ వ్యాను హారన్ కొట్టేది. ఆయన వెళ్ళి ఎవరో ఒకరి చేతిలో చచ్చి, సాయంత్రానికి ఇంటికొచ్చి పప్పుచారుతో అన్నం తినేవాడు. కాబట్టి ఆయన చావడం నాకు వింతేమీ కాదు, ఆ యుద్ధం సినిమా చూసేదాకా.

యుద్ధం సినిమా అంటున్నాను గానీ అది ప్రేమకథే. పెళ్ళి ఇంకో పది రోజులుందనగా సైనికుడు యుద్ధానికి వెళతాడు, తిరిగి రాడు. పాటల్లో గుంపులో డాన్సు చేసే పక్కింటి అక్కతో కలిసి నాన్నా నేనూ మ్యాట్నీకి వెళ్ళాం. మొదటి సగంలో నాన్న గడ్డంతో శత్రువుల వైపు చచ్చాడు. గడ్డం తీసేసి మన వైపు కూడా చస్తానని ముందే చెప్పాడు. ఇంతకీ నువ్వు ఎవరి వైపు అని అడిగాను.

"మంది తక్కువున్నరు బిడ్డా, రెండు దిక్కులా మేమే సచ్చుడు" అన్నాడు పాప్‌కార్న్ నములుతూ.

చివర్లో హీరోయిన్ యుద్ధం జరిగిన మైదానంలోకి వస్తుంది. బోర్లా పడి ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే తిప్పి చూస్తుంటుంది. హాల్లో అందరూ ముక్కులు చీదుతున్నారు. నేనైతే కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుడా, హీరో కాకూడదు, ఇంకెవరైనా కానీ అని మొక్కుకున్నాను. కళ్ళు తెరిచేసరికి తెర నిండా మా నాన్న మొహం. ఆమె చూసింది, తన మనిషి కాదని తెలుసుకుంది, ఆయన తల మెల్లగా నేల మీద పెట్టి ముందుకు నడిచింది. హాలంతా ఆమెతో పాటే ఊపిరి పీల్చుకుంది.

"అమ్మయ్య, అతను కాదు" అంది వెనక సీటులో ఎవరో ఆవిడ.

నాకేమీ అర్థం కాలేదు. చచ్చింది మా నాన్నయితే వీళ్ళకు ప్రాణం లేచి రావడమేమిటి? నాన్న చెయ్యి పట్టుకుని చూశాను, వెచ్చగానే ఉంది. అయినా ఏడుపు ఆగలేదు. మొక్కుకున్నది నేనే కదా మరి.

బయటికి వచ్చాక అక్క మామూలుగానే అడిగింది. "బాబాయ్, శవం వేశాక నవ్వు షాట్ తీశారా?"

చచ్చిన వేషం వేసినవాళ్ళను ఆఖర్న కెమెరా ముందు నవ్వించి ఒక ముక్క తీస్తారు, కీడు పోవడానికి.

"యాడ తీసిండ్రు. వాన దంచింది, ప్యాకప్ అన్నరు, అందరం ఉరికినం" అన్నాడు నాన్న.

"అయ్యో, అడిగి తీయించుకోవాల్సింది" అని అక్క ఆ మాట అక్కడితో వదిలేసింది. ఆటో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటినా నేను నాన్న చొక్కా పట్టుకునే ఉన్నాను. నేను మొక్కాను, దేవుడు విన్నాడు, ఆ కీడు పోగొట్టే నవ్వు కూడా తీయలేదు. ఈసారి షూటింగుకు వెళితే నాన్న నిజంగానే తిరిగి రాడనుకున్నాను.

మర్నాడు ఆయన యూనియన్ కార్డు తీసి బియ్యం డబ్బాలో దాచాను. అది లేకపోతే షూటింగులోకి రానివ్వరని నాకు తెలుసు. వ్యాను హారన్ కొడుతోంది. నాన్న చొక్కాలన్నీ దులుపుతున్నాడు.

"నిన్న సినిమాకు పోయినప్పుడు జేబుల పెట్టుకున్నవా ఏంది? జర యాది చేసుకో" అంటోంది అమ్మ.

ఆయన చూపు నా మీద పడింది. "నువ్వేందే, పొద్దుగాలనే బియ్యం డబ్బా మీద కూసున్నవ్?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను, మొక్కు సంగతితో సహా. ఆయన తిట్టలేదు. చెప్పులు విప్పి, ఉన్నపళంగా గచ్చు మీద బోర్లా పడుకున్నాడు.

"సీను మల్ల తీద్దాం. నువ్వే హీరోయిన్. నన్ను తిప్పి సూసి, ఈయన కాదు అని పోవాలె. గప్పుడు నేను నవ్వుత. మీ అమ్మ కెమెరా."

అమ్మ గుమ్మంలో కదలకుండా నిలబడింది. హారన్ మళ్ళీ మోగింది. రెండు చేతులతో కష్టపడి తిప్పాను. కళ్ళు మూసి, నోరు కొంచెం తెరిచి, అచ్చం తెర మీద ఉన్నట్టే ఉన్నాడు.

"డైలాగ్ చెప్పు" అన్నాడు పెదవులు కదపకుండా.



"ఈయనే" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. నవ్వుతానన్నవాడు వెంటనే నవ్వలేదు. కాసేపు నన్నే చూసి, ఆ తర్వాత నవ్వాడు. వ్యాను వెళ్ళిపోయింది. అక్క తన స్కూటీ మీద ఆయన్ని దింపి వచ్చింది. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చేదాకా నేను గుమ్మం వదల్లేదు.

ఇప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక కాస్ట్యూమ్ షాపులో సైనికుల చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. సినిమాలో ఎవరి కోసం ఏడవాలో నాకింకా తేలలేదు. హీరో పోతే అందరితో పాటే ఏడుస్తాను, అది నా చేతిలో లేదు. కానీ దానికి ముందు, ఎవరిదో ఒక మొహం కనబడి హాలంతా ఊపిరి పీల్చుకునే చోట, నా నోట మాత్రం "ఈయనే" అని వచ్చేస్తుంది. పక్క సీటువాళ్ళు తిరిగి చూస్తారు.