ఒంటిగంటా ఐదు నిమిషాలకు దారి ఖాళీ

ఇప్పుడంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడ దారి ఎర్రగా ఉందో, ఎక్కడ పచ్చగా ఉందో చేతిలో ఫోను చెప్పేస్తోంది గానీ, ఆ రోజుల్లో ఆ ఉద్యోగం నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే పుచ్చుకున్నాను. (ఫోను తప్పు చెబితే దాన్ని వెతుక్కుంటూ ఎవరూ ఇంటి మీదికి రారు. నా సంగతి అలా కాదు, ముందుముందు మీకే తెలుస్తుంది.) అరవై తొమ్మిదో సంవత్సరం అది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడికిపోతోంది. కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఎప్పుడో దేవుడికే తెలియదు, నాకు పంతొమ్మిదేళ్లు. పంతొమ్మిదేళ్లవాడికి పని లేకపోతే వాడికి తెలివి పుట్టుకొస్తుంది. అది వాడికే గాక చుట్టుపక్కల నాలుగిళ్లకు ప్రమాదం.

విజయవాడ రోడ్డు పక్కన ఒక మోరీ (కాలువ మీది చిన్న వంతెన) గట్టు మీద కూర్చుని వారం రోజుల పాటు రోడ్డు పోకడలు రాసుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి హయత్‌నగర్ వైపు నుంచి కూరగాయల ఎడ్లబండ్లు వచ్చేవి. బండ్లవాళ్లు నిద్రపోతుంటే ఎడ్లే దారి చూసుకునేవి. ఆరింటికి అల్మాస్‌గూడ, బాలాపూర్ వైపు నుంచి పాలక్యాన్ల సైకిళ్లు. ఎనిమిదింటికి బర్రెలు. తొమ్మిదిన్నరకు మేము. మేమంటే ఉద్యమకారులం. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట, విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ చీలే దగ్గర అడ్డంగా కూర్చుని గొంతులు పోయేలా నినాదాలిచ్చేవాళ్లం. నేను మనస్ఫూర్తిగానే అరిచేవాణ్ణి, అందులో నటన లేదు. అయితే ఉద్యమం ఎంత తీవ్రమైనదైనా ఒంటిగంటకు ఆకలవుతుంది. అందరం ఆ చుట్టుపక్కల ఇళ్ల పిల్లలమే. లాఠీకి వెరవని మా నాయకుడు లౌడ్‌స్పీకర్ అన్న కూడా (గొంతును బట్టి వచ్చిన పేరు), ‘బువ్వ సల్లగైతున్నది, ఒస్తవా రావా’ అని వాళ్లమ్మ కబురంపితే కిక్కురుమనకుండా లేచేవాడు. తిన్నాక కాస్త నడుం వాల్చి, మళ్లీ రెండింటికి వచ్చేవాళ్లం. ఆ గంటసేపు రోడ్డు మీద పురుగు కూడా ఉండేది కాదు. అదీ నేను కనిపెట్టిన రహస్యం.

మొదట పక్కింటి దర్జీకి చెప్పాను. అతని అత్తగారిని చౌటుప్పల్ నుంచి తెచ్చుకోవాలి పాపం. తెచ్చుకున్నాడు. తర్వాత ఒక లారీ క్లీనర్‌కి, ఇటుకబట్టీ సేటుకు, సంబంధం చూడబోయే పెళ్లివారికి చెప్పాను. అందరూ సుఖంగా పోయారు. నాకు ‘రోడ్డు పంచాంగం’ అని పేరొచ్చింది. చెప్పిన ప్రతివాడికీ ‘ఎవరికీ చెప్పొద్దు’ అని మరీ చెప్పేవాణ్ణి. (ఒక మాట ఊరంతా పాకాలంటే అంతకన్నా మంచి ఉపాయం నేటికీ ఎవరూ కనిపెట్టలేదు.) వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్లు కూడా ‘జర ఒక మాట’ అని పక్కకు పిలిచేవారు. నా నడకే మారిపోయింది.

అలాంటి సమయంలో మా అక్కకు ఉద్యోగం వచ్చింది. నర్సు చదువు అయిపోయి రెండేళ్లుగా అక్క దరఖాస్తులు పెడుతూనే ఉంది. నార్కట్‌పల్లి దాటాక ఒక ఊళ్లో మిషన్ దవాఖాన. శనివారం సాయంత్రం ఐదింటిలోగా వచ్చి చేరాలి, లేకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తామని ఉత్తరం. మా నాయిన ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టి రోజుకు మూడుసార్లు తీసి చదివేవాడు. మా ఊరు వదిలి పట్నం వచ్చి, కాంపౌండరు జీతంతో పిల్ల చేత నర్సు చదువు చదివించినవాడు. బస్సులా, ఆ వారం తిరగడం లేదు. అప్పుడు ఆదుకున్నది ఎదురింటి టైపు మాస్టారు. వాళ్లది భీమవరం వైపు. మాస్టారు టైపు ఇన్‌స్టిట్యూట్‌కు తాళం వేసి, భార్యతో కలిసి సొంతూరు పోతున్నారు. ఆయనకో పాత కారుండేది. అది నడిచేటప్పుడు బావి గిలక చప్పుడు చేసేది. అమ్మాయిని దారిలో దింపి పోతామన్నారు. నేను కూడా వెళ్లి, అక్కను దవాఖానలో అప్పగించి రావాలని నిర్ణయం.

ఇక ఎన్నింటికి బయలుదేరాలన్నది తేలాలి. శుక్రవారం సాయంత్రం మా అరుగు మీద సభ జరిగింది.

“కోడి కూసే యాళ్లకు ఎల్లితె ఒడిసిపాయె. ఏ పరేషాన్ ఉండది,” అన్నాడు నాయిన.

“అంత వేకువనే నావల్ల కాదన్నయ్యగారూ. స్నానం, పూజ, దారికి పులిహోర, ఇవన్నీ అయ్యేసరికి తొమ్మిది కొడుతుంది. తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. శనివారం పూట రాహుకాలంలో నేను గడప దాటను,” అంది మాస్టారి భార్య. ఆమెను నేను అత్తయ్యగారూ అని పిలిచేవాణ్ణి.

“పదిన్నరకి రోడ్డు మీద వీళ్లే ఉంటారు కదోయ్!” అన్నారు మాస్టారు నావైపు చూపిస్తూ.

అక్క మెల్లగా అంది: “అత్తయ్యగారూ, పులిహోర నేను రాత్రే చేసి పెడ్త. పొద్దుగాల్నే పోతె నాకు నిమ్మలం.”

అత్తయ్యగారు కాస్త మెత్తబడింది కూడా. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. నేను నోట్‌బుక్ తెరిచాను. ఎడ్లబండ్లు, పాలక్యాన్లు, బర్రెలు, ఒక్కొక్కటే చదివి వినిపించి, వేకువ ప్రయాణం ఎంత అపాయమో రుజువు చేశాను. అక్క నా మొహంలోకి చూసి, “తమ్మీ, గిది నా నౌకరి. నీ ఆట గాదు,” అంది. “నేను చెప్తున్న గదక్కా! ఒంటిగంటా అయిదు. రోడ్డంత నీదే. నాలుగు కొట్టకముందే దవాఖాన్ల ఉంటవ్,” అన్నాను. అంకెలు చూస్తే మా నాయినకు గౌరవం. సరేనన్నాడు. అక్క లేచి, చీరకు గంజి పెట్టుకోవడానికి లోపలికి పోయింది.

శనివారం పన్నెండూ యాభైకి సామానంతా కారెక్కింది. అక్క తెల్లచీర గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని, నలగకుండా సీటు అంచు మీద కూర్చుంది. “ఒక్క నిమిషం ప్రార్థన జేసుకుందాం,” అన్నాడు నాయిన. దానికి నేను రెండు నిమిషాలు కేటాయించాను కూడా. కానీ నాయిన ఆ పూట కారు నాలుగు చక్రాలనూ విడివిడిగా దేవుడికి అప్పగించాడు. ఆ తర్వాత మాస్టారి కళ్లు, దారిలోని వంతెనలు, దవాఖాన డాక్టరమ్మ, మంత్రులు, పోలీసులు, రోడ్డు మీద కూర్చునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. మధ్యలో నాయిన గుక్క తిప్పుకున్నప్పుడల్లా మాస్టారు ఆశగా ‘ఆమెన్’ అన్నారు. మూడుసార్లు అన్నారు. నాలుగోసారి గానీ అది చెల్లలేదు. అప్పుడు నేను తుమ్మాను. ఒంటి తుమ్ము! అత్తయ్యగారు కారు దిగి, ఇంట్లోకి వెళ్లి కూర్చుని మంచినీళ్లు అడిగింది. రెండో తుమ్ము పడితే దోషం పోతుందని నాకు తెలుసు గనక, గుమ్మం దగ్గర నిలబడి నాకు చేతనైనంత సహజంగా ఇంకోటి తుమ్మాను. (అది దొంగతుమ్మని ఆమెకు నేటిదాకా తెలియదు.) ఒంటిగంటా పన్నెండుకు కారు కదిలింది. దారిలో మాస్టారికీ అత్తయ్యగారికీ హెచ్చరిక చేశాను: “ఎవరన్నా ఆపితే మీరు నోరు విప్పకండి. నేను మాట్లాడతా.”

కొత్తపేట దాటేదాకా రోడ్డు నున్నగా ఊడ్చినట్టుంది. “భలేవాడివోయ్!” అన్నారు మాస్టారు. నేను కాలరు సర్దుకున్నాను. ఆ సర్దుకోవడం పూర్తయ్యేలోపే చౌరస్తా వచ్చింది.

అక్కడ ఉద్యమకారుడన్నవాడు ఒక్కడు లేడు. కానీ చీమ దూరే సందు కూడా లేదు. సిమెంటు లారీలు, పెళ్లివారి జట్కాలు రెండు, గడ్డి ట్రాక్టరు, మంచాలూ రుబ్బురోలూ వేసుకున్న ఎడ్లబండి, అటునుంచి వచ్చినవి అటు, ఇటునుంచి వచ్చినవి ఇటు. ఇరుకు మోరీ మీద అన్నీ మూతులు ఆనించుకుని నిలబడ్డాయి. నేను గమనించిన వారమంతా ఆ గంటలో రోడ్డు ఎందుకు ఖాళీగా ఉందంటే, అది ఖాళీ అని ఎవరికీ తెలియదు గనక. ఈ చిన్న సంగతి నా నోట్‌బుక్కులో లేదు.

“ఒంటిగంటకు సాఫ్ ఉంటదని చౌటుప్పల్ హోటళ్ల చెప్పిండ్రు!” అంటున్నాడు లారీ డ్రైవరు.

“మాకు దర్జీ చెప్పిండు. గాయనకు ఎవడో పంచాంగం పిల్లగాడు చెప్పిండట,” అన్నాడు జట్కావాడు.

“గా పిల్లగాడు దొర్కితే బండి చక్రానికి కట్టి తిప్పుత!” అన్నాడు ట్రాక్టరు మీది మనిషి.

నేను సీట్లోంచి జారి కాళ్ల దగ్గరి పులిహోర గిన్నె పక్కన సర్దుకున్నాను. వెనకసీట్లో అక్క మాటిమాటికీ మాస్టారి చేతిగడియారం వైపు చూస్తోంది. ఒంటిగంటా నలభై అయింది. రెండు అయింది. గంజిచీర మీద చెమట మరకలు పడుతున్నాయి. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది.

రెండింటికి భోజనాలు ముగించుకుని మావాళ్లు జెండాలతో వచ్చారు. వచ్చి, ఆ దృశ్యం చూసి నిర్ఘాంతపోయారు. లౌడ్‌స్పీకర్ అన్న మొహం జేవురించింది. “మేం లేంది జూసి మా రోడ్డు బంద్ జేసిందెవడు రా? ఏ గ్రూపోళ్లు?” అని గర్జించాడు. అప్పుడు అక్క కారు దిగింది. ఆ ఎండలో, ఆ బండ్ల మధ్య నుంచి తెల్లచీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని తిన్నగా అతని దగ్గరికి నడిచింది.

“అన్నా, అయిదు లోపల నేను దవాఖాన్ల చేరాలె. లేకుంటె నా నౌకరి పోతది. తొవ్వ ఇడువుండ్రి.”

“ఇడుస్తుంటిమక్కా,” అన్నాడతను దీనంగా. “గని మేం కట్టేస్తె గదా మేం ఇడిచేది! గిది మేం కట్టలె.”

“మీరు కట్టలె. మా తమ్ముడు కట్టిండు. అగో, సీటు కింద ఉన్నడు.”

అన్ని తలలూ కారు వైపు తిరిగాయి. అత్తయ్యగారు ఇక ఆగలేకపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి, “అబ్బాయి మంచివాడేనండీ! లెక్క ఒక్కటే తప్పాడు!” అంది. ఆ ‘అండీ’తో కారు ఆంధ్రావాళ్లదని చౌరస్తా అంతటికీ తెలిసిపోయింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. లౌడ్‌స్పీకర్ అన్న ఆమెను చూసి, నన్ను చూసి, భళ్లున నవ్వేశాడు. “సరే తియ్యుండ్రి రా,” అన్నాడు మావాళ్లతో. “రోడ్డు ఖాళీ ఐతెనే గదా మనం బంద్ జేసేది!”

ఆ తర్వాత నలభై నిమిషాలు మా రాస్తా రోకో దళం చేసినంత చక్కగా ట్రాఫిక్ పని ఎవరూ చేసి ఉండరు. ఎడ్లు విప్పి బండిని చేతులతో ఎత్తి పక్కన పెట్టారు. లారీలను ఒక్కొక్కటిగా వెనక్కి పంపారు. ప్రతి తోపుకూ ఒక ‘జై తెలంగాణ’. మాస్టారు కూడా దిగి, ట్రాక్టరుకు భుజం ఆనించి, అందరికన్నా గట్టిగా అరిచారు. చివరికి దారి తెరుచుకుంది. నేను కారెక్కబోతుంటే లౌడ్‌స్పీకర్ అన్న నా చొక్కా పట్టుకుని, “నువ్వేడికి? లోపలి ముచ్చట బయటవెట్టినోడు ఈడనే కూసోవాలె,” అన్నాడు. అప్పుడు టైము రెండూ నలభై. కారు కదిలింది. అక్క నావైపు చూడలేదు. సాయంత్రం దాకా మేమంతా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. ఆపడానికి ఒక్క బండి కూడా రాలేదు, అన్నీ అప్పటికే పోయాయి.

అసలు శిక్ష ఆ తర్వాత. అక్క వేళకు చేరిందో లేదో తెలిసే దారి లేదు. తపాలా సరిగ్గా నడవడం లేదు. నాలుగు రోజులు నాయిన నన్ను పల్లెత్తు మాటనలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. అమ్మ నాకు అన్నం పెట్టేది గానీ, తిన్నావా అని అడిగేది కాదు. రెండేళ్ల అక్క ఎదురుచూపును నేను గొప్ప కోసం రోడ్డు మీద పెట్టానని రాత్రుళ్లు తలుచుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఎవరైనా ‘జర ఒక మాట’ అని పిలిస్తే సందులోకి పారిపోయేవాణ్ణి. ఐదో రోజు కార్డు వచ్చింది. నాయిన పైకి చదివాడు: “పది నిమిషాలు తక్కువ అయిదుకు చేరిన. డ్యూటీల చేర్చుకున్నరు. తమ్మున్ని కొట్టకుండ్రి. ఆదివారం రమ్మనుండ్రి. టైము చూసుడు ఏమొద్దు, బుద్ధి పుట్టినప్పుడు బయల్దేరుమనుండ్రి. నేను గేటు కాడనే ఉంట.”

ఆదివారం దేనినీ లెక్కకట్టకుండా, దొరికిన లారీ పట్టుకుని బయలుదేరాను. హయత్‌నగర్లో రెండు గంటలు, చౌటుప్పల్లో ఇంకో గంట ఆగిపోయాను. చేరేసరికి నాలుగైంది. అక్క గేటు దగ్గరే ఉంది. “ఎప్పటిసంది నిలవడ్డవక్కా?” అంటే, “ఇప్పుడే ఒచ్చిన,” అంది. వెనక నుంచి కావలి ముసలాయన, “పొద్దుగాల చర్చి ఒదిలినకాడికెళ్లి గీడనే ఉన్నది బిడ్డ,” అన్నాడు. అక్క అతని వైపు గుడ్లురిమి చూసి, నా తల మీద ఒక్కటి మొట్టి, తర్వాత అదే చేత్తో దుమ్ము దులిపింది. ఆ పంతొమ్మిదేళ్ల పంచాంగకర్తను తలుచుకుంటే ఇప్పుడు నాకు ఎంత నవ్వొస్తుందో! ఆ పూట మాత్రం వాడు దవాఖాన గేటు పట్టుకుని, ఎందుకో తెలియక, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.